వాకిట్లో ఆగిపోయిన మూడు కబుర్లు

జూన్ 4, మంగళవారం

ఇవాళ జరిగింది ఇవాళే రాసిపెట్టుకోవాలి. లేకపోతే వారం తిరిగేసరికి అందరూ చెప్పుకునేదే నాకూ గుర్తుంటుంది. అమ్మానాన్నలకి చదవడం రాదు, తమ్ముళ్ళకి చదివే ఓపిక లేదు, కాబట్టి ఈ పుస్తకం ఎక్కడ పడేసినా భయం లేదు.

పొద్దున ఓడ తిరిగొచ్చింది. బికెనానో దీవిలో రక్త విరేచనాలతో ఇద్దరు పిల్లలు పోయారట. ఒకడికి నాలుగేళ్ళు. ఇంకొకర్తె పాలు తాగే పిల్ల. అక్కడి నర్సు నేయ్ తావబా కెప్టెన్ చొక్కా పట్టుకుని అడిగిందట: "మూడుసార్లు అర్జెంటు కబురు పంపాను. ఒక్కరూ పలకలేదేం?"

మా మందుల సంఘం కమిటీ మొత్తం వచ్చి నా బల్ల చుట్టూ నిలబడింది. బయటి దీవుల నర్సుల నుంచి వచ్చే కబుర్లన్నీ నా కంప్యూటర్లోకే వస్తాయి. వాటిని చూసే ఓడలోకి ఏ మందులు ఎక్కించాలో తేలుస్తారు.

"కీనాయీ, అర్జెంటు ఫోల్డరు తెరువు" అన్నాడు మా ఆఫీసు పెద్ద ఇయోటెబా సార్.

తెరిచాను.

"ఏముంది?"

"ఏమీ లేదు సార్."

"కమిటీకి వినపడేలా చెప్పమ్మా."

"ఏమీ లేదు."

కమిటీ పెద్ద ముసలి పాస్టరు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఆ మనిషి అబద్ధమాడుతోందన్నమాట. పిల్లల శవాల మీద నిలబడి అబద్ధమాడుతోంది."

ఇరవై ఎనిమిదో తేదీ, శుక్రవారం విచారణ. నేయ్ తావబాని ఇక్కడికి పిలిపిస్తారు. కబురు పంపినట్టు రుజువు లేకపోతే ఉద్యోగం పోతుంది. ఇంక ఏ దీవిలోనూ ఏ క్లినిక్కులోనూ అడుగుపెట్టనివ్వరు.

నేను ఉన్నదే చెప్పాను. ఫోల్డరు ఖాళీ.

జూన్ 6, గురువారం

మళ్ళీ చూశాను. ఖాళీయే.

జూన్ 7, శుక్రవారం

నేయ్ తావబాని నేనెప్పుడూ చూడలేదు. వారం వారం ఆవిడ పంపే కబుర్లతోనే పరిచయం. ఎన్ని జ్వరాలు, ఎన్ని కాన్పులు, ఏ మందు అయిపోవచ్చింది, అంతా రాసి చివర్లో ఒక వాక్యం నా కోసం పెడుతుంది. "మీ నాన్న మోకాలు ఎలా ఉంది?" అని. "కొబ్బరిచెట్టెక్కడం మానమను" అని. నాన్న మానడు. కల్లు గీయకపోతే ఆయనకి పొద్దు పోదు, చెట్టు మీద పాడకపోతే గొంతు తెరుచుకోదు.

అలాంటావిడ అబద్ధం ఎందుకు చెప్తుంది? కానీ ఫోల్డర్లో లేవు. ఆవిడ కబుర్లు పంపే పెట్టె పంపినవి దాచుకోదు. ఆ దీవిలో ఫోను క్రిస్మస్ నుంచే చచ్చి పడుంది. ఆవిడ మాట తప్ప ఆవిడ దగ్గర ఇంకేమీ లేదు.

మే నెలలో వచ్చిన వారపు నివేదికలన్నీ వాటి ఫోల్డర్లలో ఉన్నాయి. వాటిలో బికెనానో నుంచి వచ్చినవి రెండే ఉన్నాయి, తర్వాత రాలేదు. ఆవిడకి తీరిక లేకపోయి ఉంటుంది.

కంప్యూటరు మారిన సంగతి కూడా రాసి ఉంచుకుంటాను. దానికీ దీనికీ సంబంధం లేదనుకో.

ఫిబ్రవరిలో బౌరో మామయ్య ఆఫీసుకొచ్చాడు. అమ్మకి అన్న. చెప్పులు గుమ్మంలో విడిచి నా బల్ల పక్కన నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే ఏదో అడగడానికే.

"ఈ పెట్టె నీదేనా తల్లీ?"

"ఆఫీసుది మామయ్యా."

"నీ బల్ల మీదుంది. పొద్దున్నే నువ్వే తుడుస్తున్నావు. అయితే నీదే. బుబుసి."

ప్రాధేయపడి అడిగే ఆ మాట ఒకసారి నోట్లోంచి వచ్చాక కాదనడం మా దీవుల్లో ఎవరూ చేయలేదు. అడిగినవాడు అంత కిందికి దిగి అడిగాడు కాబట్టి ఇవ్వనివాడు ఇంకా కిందికి పోతాడు. అమ్మ పెద్ద గిన్నె పక్కింటివాళ్ళకి అలాగే పోయింది. నాన్న సైకిలు అలాగే పోయింది. నా చదువు అలాగే వచ్చింది. నాన్న వెళ్ళి మామయ్య ముందు కూర్చుని ఆయన పడవ అడిగాడు. మామయ్య మారు మాట్లాడకుండా ఇచ్చాడు. ఆ పడవ అమ్మి నన్ను ఫిజీ పంపారు. ఆ రోజు నుంచి మామయ్య వేరేవాళ్ళ పడవలో చేపలకి వెళ్తున్నాడు.

నేను ఇయోటెబా సార్ దగ్గరికి పరిగెత్తాను. సార్ పగలబడి నవ్వాడు. "మీ మామయ్య మా ఆవిడకి పెదనాన్న కొడుకు. నేను కాదంటే రేపటి నుంచి నాకు అన్నం ఎవరు పెడతారే? ఇచ్చేయ్. స్టోర్లో ఆస్ట్రేలియా వాళ్ళు పంపిన పాత పెట్టెలున్నాయి, దులిపి వాడుకో."

స్టోర్లో ఉన్నది లినక్స్ కంప్యూటరు. నా ప్రోగ్రాం దాని మీదకి ఎక్కించాను. మొదటిరోజే చక్కగా నడిచింది. వారపు నివేదికలన్నీ వాటి వాటి దీవుల ఫోల్డర్లలోకి వెళ్ళాయి. సార్ చూసి "చూశావా, ఏ పెట్టయితేనేం" అన్నాడు.

చక్కగా నడిచింది. నేనే చూశాను.

జూన్ 10, సోమవారం

దొరికాయి.

మూడూ దొరికాయి.

జూన్ 11, మంగళవారం

కమిటీకి చెప్పాల్సొస్తే ఎలా చెప్పాలో ఇక్కడ రాసి చూస్తాను. వాళ్ళలో కంప్యూటరు ముట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

నా ప్రోగ్రాం ఒక ఇల్లనుకోండి. ఫోల్డర్లు లోపలి గదులు. ఏదైనా కబురు వస్తే "ఫలానా గదిలో ఫలానా పేరుతో పెట్టు" అని యంత్రానికి చెప్పాలి. గది పేరుకీ ఫైలు పేరుకీ మధ్య ఒక ఏటవాలు గీత గీస్తాం. మామయ్య తీసుకెళ్ళింది విండోస్ కంప్యూటరు. అక్కడ ఆ గీత ఎడమకి వాలుతుంది. ఇప్పుడున్నది లినక్స్. ఇక్కడ కుడికి వాలాలి. ఎడమకి వాలిన గీత చూస్తే లినక్స్ దాన్ని గీత అనుకోదు, పేరులో అది కూడా ఒక అక్షరం అనుకుంటుంది. గది కనపడలేదని అనదు. తప్పు చేశావనీ అనదు. గది పేరూ, గీతా, ఫైలు పేరూ అంతా కలిపి ఒకే పొడుగాటి పేరు అనుకుని, కబురుని వాకిట్లోనే పెట్టేసి, పని అయిపోయిందని చెప్తుంది.

వాకిట్లో ప్రోగ్రాం తాలూకు సామాను వంద ఫైళ్ళు పడుంటాయి. అక్కడెవరూ చూడరు. నేనూ చూడలేదు.

వారపు నివేదికల భాగం నా ముందు పనిచేసిన వాలంటీరు రాశాడు. అతను గీత గీయలేదు. గది పేరు, ఫైలు పేరు విడివిడిగా ఇచ్చి కలిపే పని ప్రోగ్రాం రాసే భాషకే వదిలేశాడు. అది ఏ యంత్రం మీదున్నానో చూసుకుని ఆ యంత్రానికి తగ్గ గీతే గీస్తుంది. అందుకే అవన్నీ సరిగ్గా చేరాయి. అర్జెంటు కబుర్ల భాగం ఒక్కటే నాది. కంప్యూటరు మారాక అర్జెంటు కబురు పంపిన దీవి బికెనానో ఒక్కటే.

ఫిజీలో మా మేడం బల్ల మీద చరిచి చెప్పేది: "గీతని మీ చేత్తో గీయకండి. మీ ప్రోగ్రాం రేపు ఎవరింట్లో కాపురం చేస్తుందో మీకు తెలీదు." పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. రాశాను. పూర్తి మార్కులు వేసింది.

కానీ నేను రాసినప్పుడు ఆ యంత్రం మీద అది పనిచేసింది. పరీక్షించి చూశాను కూడా. తప్పు రాయలేదు. యంత్రం మారింది, అంతే. అసలు రెండు రకాల గీతలు ఎందుకు పెట్టారో.

మూడు కబుర్లూ కింద రాస్తున్నాను, ఉన్నవి ఉన్నట్టు.

మొదటిది: "నలుగురు పిల్లలకి రక్త విరేచనాలు. ఓఆర్ఎస్ పొట్లాలు సగం పెట్టె ఉన్నాయి. ఓడ బయల్దేరేలోపు ఈ కబురు అందితే పొట్లాలూ, మందులూ వేయండి."

రెండోది: "పదకొండు మంది. పొట్లాలు అయిపోయాయి. లేత కొబ్బరినీళ్ళలో ఉప్పు వేసి పట్టిస్తున్నాను. ఓడ ఎప్పుడో చెప్పండి."

మూడోది: "తెరూ పొద్దున పోయాడు. కీనాయీ, నువ్వైనా చదువుతున్నావా?"

జూన్ 12, బుధవారం

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్ళాక ఇయోటెబా సార్‌ని పిలిచి చూపించాను. నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు.  ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కళ్ళు ఎర్రబడటం నేను చూశాను.

"మే నెలలో ఓడ ఆ దీవికి వెళ్ళింది కదూ" అన్నాడు.

"వెళ్ళింది సార్. వాలీబాల్ పోటీల సామాను, రేకులు."

"చోటుందా?"

"సగం ఓడ ఖాళీ."

సార్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. అప్పుడు గొంతు మారింది.

"కమిటీ నిన్ను ఏమడిగింది?"

"అర్జెంటు ఫోల్డర్లో ఏముందని."

"ఏం చెప్పావు?"

"ఏమీ లేదని."

"ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

"కానీ సార్, బయట ఉన్నాయి కదా."

"బయట ఏముందని ఎవరైనా అడిగారా? అడగని ప్రశ్నలకి జవాబు చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు? ఈ డొక్కు పెట్టె నీ బల్ల మీదకి ఎలా వచ్చిందని అడుగుతారు తర్వాత. ఏం చెప్తావు? ఆఫీసు సొత్తు మా మామయ్య ఇంట్లో సినిమాలు ఆడుతోందనా? ఇచ్చింది నేను. అడిగింది మీవాడు. రాసింది నువ్వు. ముగ్గురం పోతాం. పోయినవాళ్ళు తిరిగొస్తారా?"

"చెరిపేయమంటారా?"

ఆ మాటకి నిజంగానే ఉలిక్కిపడ్డాడు. "అలా అన్నానా నేను? చెరపడం పాపం. ఉండనీ. ఎక్కడున్నవి అక్కడే ఉండనీ."

ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. నేను కదపలేదు. చెరపలేదు.

జూన్ 15, శనివారం

మామయ్య వచ్చాడు. సార్ వాళ్ళావిడ చెప్పి ఉంటుంది. చేతిలో రెండు పెద్ద చేపలు. అవి అమ్మకిచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, నా ఎదురుగా చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, వద్దు" అన్నాను. ఏమడుగుతాడో తెలిసిపోయింది.

"వద్దంటే ఆగే మాట కాదుగా తల్లీ. నీ నోట్లో ఉన్న మాట నాకు కావాలి. ఆ కబుర్ల సంగతి బయట పెట్టనని నాకు మాటివ్వు. బుబుసి."

అమ్మ చేప చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న చుట్ట ముట్టించుకోవడం ఆపేశాడు.

"ఇద్దరు పిల్లలు పోయారు మామయ్యా."

"తెలుసు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. కానీ నీ ఉద్యోగం పోతే ఈ ఇంట్లో దిగాల్సిన ముద్దలు ఎన్నున్నాయో చూడు. ఆ నర్సు వయసైపోయిన మనిషి. నేడో రేపో మానేసేదే. నీది ఇప్పుడే మొదలైంది. నా పడవ పోయి నువ్వొచ్చావే. నువ్వు కూడా పోతే ఇంక నా పడవ ఎందుకు పోయినట్టు?"

ఆయన అరవలేదు. కళ్ళెత్తి నా వైపు చూడను కూడా లేదు. చాప అల్లికలో ఊడిన ఆకుపీచుని వేలితో లోపలికి తోస్తూ కూర్చున్నాడు. అరిచుంటే కాదనగలిగేదాన్నేమో. కాదు. అప్పుడూ కాదనగలిగేదాన్ని కాదు.

సరే అన్నాను.

జూన్ 16, ఆదివారం

సరే అన్నాను.

జూన్ 17, సోమవారం

ఒకటి ఆలోచించాలి. ఆ ఓడలో పొట్లాలు వేసి ఉన్నా సముద్రం బాగోలేదని దారిలో ఆగేదేమో. ఆగకపోయినా దీవిలో దించడానికి ఆటుపోట్లు కుదరాలి. దించినా తెరూ అప్పటికే నీరసించి ఉన్నాడు. నాలుగేళ్ళ పిల్లలు తొందరగా పడిపోతారు. పిల్ల మరీ చిన్నది. వాళ్ళు ఎలాగూ

ఓడ దారిలో ఆగలేదు. కెప్టెన్‌ని అడిగాను. ఆ వారమంతా సముద్రం చెరువులా ఉందట. మే నెల ప్రయాణంలో, పిల్లలు పోకముందే, దీవి దగ్గర లంగరేసి రేకులు దించి వెంటనే వచ్చేశారట. క్లినిక్కు రేవుకి ఎదురుగానే ఉందట.

"మేం బయల్దేరాక ఎవరో ఆడమనిషి ఒడ్డున నిలబడి చెయ్యి ఊపింది. టాటా చెప్తోందనుకుని మేమూ ఊపాం" అన్నాడు.

జూన్ 18, మంగళవారం

ఆ లైను సరిచేశాను. ఇప్పుడు ఏ యంత్రం మీదైనా పనిచేస్తుంది. చాలా చిన్న పని.

జూన్ 20, గురువారం

నేయ్ తావబా వచ్చింది.

పొద్దున ఆఫీసు తెరిచేసరికే వరండా బల్ల మీద కూర్చుని ఉంది. నేను మనసులో అనుకున్న మనిషి కాదు. లావుగా, పెద్ద గొంతుతో ఉంటుందనుకున్నాను. పొట్టిగా, సన్నగా, ఒళ్ళో సంచి గట్టిగా పట్టుకుని, పరాయింట్లో కూర్చున్న చుట్టంలా ఉంది.

"కీనాయివి నువ్వేనా? ఇంత చిన్నపిల్లవా! నీ జవాబుల్లో నాకంటే ముసలిదానిలా మాట్లాడతావే" అని నవ్వింది. సంచిలోంచి ఆకులో చుట్టిన మొగలిపండు తాండ్ర తీసి నా చేతిలో పెట్టింది. "మీ నాన్నకి. మోకాలికి మంచిదని కాదు, నోటికి బాగుంటుందని."

"లోపలికి రండి. కాఫీ తాగుతారా పిన్నీ?" అన్నాను. 

కప్పు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊదింది. తర్వాత తనే చెప్పింది. దీవిలో ఊరంతా చేరే మనేబా సావిట్లో అందరూ కూర్చున్నప్పుడు ఆవిడ వెళ్ళి కూర్చుంటే ఆ పక్కనున్నవాళ్ళు చాపలు జరుపుకున్నారట. పిల్ల తల్లి ఇప్పుడు మిగిలిన బిడ్డకి జ్వరమొస్తే క్లినిక్కుకి తీసుకురాకుండా పసరు పోయిస్తోందట.

"నేను కబురు పంపానని వాళ్ళతో అంటే ఎవరు నమ్ముతారు? పంపితే ఓడలో రేకులెందుకొస్తాయి, మందులు రావాలి గానీ."

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"ఒక్క మాట అడగనా అమ్మాయ్? నువ్వు చదువుకున్నదానివి. మనిషికి పని ఒత్తిడిలో చేయనిది చేసినట్టు గుర్తుండటం ఉంటుందా? ఆ పూట నా చేతులు ఎక్కడున్నాయో నాకే తెలీదు. కబురు రాశాను, అది గుర్తుంది. పంపే మీట నొక్కానా? నొక్కాననే అనుకుంటున్నాను. కానీ మీ కంప్యూటరు రాలేదంటోంది. కంప్యూటరుకి నా మీద పగ ఏముంటుంది?"

"మూడుసార్లూ మర్చిపోతారా పిన్నీ?"

"అదే కదా. మూడుసార్లు మర్చిపోయే మనిషి నర్సుగా ఉండకూడదు కదా." కప్పు బల్ల మీద పెట్టింది. "విచారణలో పంపలేదనే ఒప్పేసుకుందామనుకుంటున్నాను. అప్పుడైనా ఆ తల్లికి ఎవరి మీద కోప్పడాలో తెలుస్తుంది. ఎవరి మీదా లేని కోపం చాలా చెడ్డది."

పంపారు పిన్నీ. మూడూ వచ్చాయి. మూడోదానిలో నా పేరుంది. ఇక్కడ ఎంత తేలిగ్గా రాసేస్తున్నానో.

తాండ్ర నాన్నకిచ్చాను. ఎవరిచ్చారని అడిగాడు. ఎవరో అన్నాను.

జూన్ 22, శనివారం

మామయ్య ఇంటికెళ్ళాను. ఎందుకెళ్ళానో అనుకోలేదు, కాళ్ళు తీసుకెళ్ళాయి. పిల్లలు ఇరవైమంది నేల మీద కూర్చుని నా పాత కంప్యూటర్లో కుంగ్‌ఫూ సినిమా చూస్తున్నారు. మామయ్య పక్కన పడుకుని విసనకర్రతో ఈగలు తోలుతున్నాడు.

"రా తల్లీ రా. హీరో ఇప్పుడే చచ్చాడు, మళ్ళీ లేస్తాడు చూడు."

ఒక్క నిమిషమని చెప్పి సినిమా ఆపాను. నా ప్రోగ్రాం ఇంకా అందులో ఉంది. ఎవరూ తీయలేదు. ఒక ఉత్తుత్తి కబురు రాసి అర్జెంటు అని పంపించాను. ఫోల్డరు తెరిచాను. ఉంది. ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే, పెద్ద ఎర్ర గుర్తుతో.

"అక్కా, సినిమా!" అని వెనకనుంచి అరుపులు. "ఏయ్ జరుగు, నీ తల మాకు సినిమా కాదు!"

మామయ్య నన్నే చూస్తున్నాడు. ఏం చేశావని అడగలేదు. నేను లేవగానే ఆయనే వంగి సినిమా మళ్ళీ పెట్టాడు. మొదట పక్క మీట నొక్కాడు. కళ్ళు సరిగ్గా కనపడవు ఆయనకి, అందుకే కావచ్చు.

జూన్ 23, ఆదివారం

చర్చిలో నేయ్ తావబా చివరి వరసలో ఒక్కతే కూర్చుంది. ఇక్కడ కూడా తెలిసిపోయింది. నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

జూన్ 24, సోమవారం

ఆఫీసులో ఇయోటెబా సార్ నాతో మామూలుగా మాట్లాడుతున్నాడు. కొత్త కంప్యూటరుకి అర్జీ పెట్టాడట, వచ్చే నెలలో వస్తుందట. ఇప్పుడున్నదాంట్లో ఉన్నవన్నీ తుడిచేసి స్కూలుకి ఇచ్చేద్దామంటున్నాడు. "పిల్లలకి పనికొస్తుంది" అన్నాడు. పిల్లలకి.

జూన్ 25, మంగళవారం

సాయంత్రం అమ్మ శుభ్రంగా తల దువ్వుకుని పక్కింటికి బయల్దేరింది. ఎక్కడికమ్మా అంటే పెద్ద గిన్నె అడగడానికి అంది. మామయ్య మనవడి పుట్టినరోజు విందుకి కావాలట.

"మన గిన్నేగా అమ్మా. తిరిగి ఇచ్చేయమంటే సరిపోదా? తల దువ్వుకుని, వెళ్ళి కింద కూర్చుని, ఇదంతా ఎందుకు?"

అమ్మ నన్ను చదువుకున్న మొద్దుని చూసినట్టు చూసింది. "తిరిగి ఇమ్మనడానికి మనమేమన్నా అరువిచ్చామా? ఇచ్చేశాం. అది ఇప్పుడు వాళ్ళది. వాళ్ళది కాబట్టే అడగడానికి వెళ్తున్నాను. మనదైతే అడగడమెందుకు?"

"ఇవ్వకపోతే?"

"బుబుసి అంటే ఇవ్వకపోవడం ఉంటుందా?" అని వెళ్ళిపోయింది.

కాసేపటికి గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చింది. నేను వాకిట్లోనే కూర్చుని ఉన్నాను. గిన్నె అడుగున కొత్త సొట్ట ఒకటి ఉంది. అమ్మ దాన్ని వేలితో తడిమింది. బోర్లించి తోమడం మొదలుపెట్టింది.

జూన్ 26, బుధవారం

మామయ్యకి చదవడం రాదు. అందుకని ఇది ఆయనకి ఇచ్చే ఉత్తరం కాదు. ఇక్కడ రాసుకుని, బట్టీ పట్టి, ఈ సాయంత్రం వెళ్ళి ఆయన ముందు కూర్చుని చెప్తాను. రాసుకోకపోతే మధ్యలో ఏడుపొచ్చి సగం మర్చిపోతాను. చెప్పులు గుమ్మంలో విడవాలి. సినిమా అయ్యేదాకా ఆగాలి.

మామయ్యా, నేను నీ దగ్గర ఒకటి అడగడానికి వచ్చాను. బుబుసి.

నా మాట ఒకటి నీ దగ్గరుంది. నీకిచ్చేశాను కాబట్టి అది ఇప్పుడు నీది. నీది కాబట్టే అడుగుతున్నాను. నీకు తెలియకుండా దాన్ని తీసుకుని కమిటీ ముందుకి పోవచ్చు. అది దొంగతనం. ఈ ఇంట్లో నేను దొంగతనం చేయను.

కంప్యూటరు వద్దు. పిల్లల్ని సినిమాలు చూసుకోనీ. కమిటీ వాళ్ళొచ్చి తీసుకుపోతే పోనీ. ఆ మాట ఒక్కటీ నాకివ్వు.

ఉద్యోగం పోతుంది. నీ పడవ రెండోసారి పోతుంది. అది నాకు తెలిసే అడుగుతున్నాను. నా దగ్గర దానికి బదులు ఇవ్వడానికి ఏమీ లేదు.

ఆ కబుర్లు అందరికీ వచ్చినవి కావు మామయ్యా. మూడోది నా పేరు పెట్టి పిలిచింది. నువ్వు నన్ను ఫిజీ పంపింది ఎవరైనా నా పేరు రాసి పంపితే చదవగలగాలనే. నేను చదవలేదు. ఇప్పుడు చదివాను. చదివాక కూడా చదవనట్టే ఉన్నాను.

శుక్రవారం పొద్దున తావబా పిన్నిని అందరి ముందూ నిలబెట్టి పంపావా లేదా అని అడుగుతారు. పంపలేదని చెప్పడానికి ఆవిడ సిద్ధపడి ఉంది. ఒకసారి చెప్పిందంటే తనే నమ్మేస్తుంది. తర్వాత నేను మూడు కబుర్లూ తీసుకెళ్ళి చూపించినా తనవని ఒప్పుకోదు.

నువ్వు ఇవ్వనంటే నేను ఇంకేమీ అడగను. ఎదురు చెప్పను. ఇంటికెళ్ళిపోతాను. కానీ నాకు ముఖం మీద చెప్పు, అమ్మతో కబురు పంపకు. రేపు గురువారం, సాయంత్రం ప్రార్థన గంట కొట్టేలోపు జవాబు చెప్పు మామయ్యా.